తాతయ్య ట్రంకుపెట్టెలో 341 నాణేలు – ఏది ఏమిటో, ఎంత చేస్తుందో ఎలా తెలుసుకోవాలి?

బ్రాడీపేట_మనవరాలు (గుంటూరు)

అందరికీ నమస్కారం. నాణేల గురించి నాకు ఓనమాలు కూడా రావు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా తాతయ్య రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేశారు. బెజవాడ, తెనాలి, గుంటూరు, ఎక్కడ కౌంటరులో కూర్చున్నా చిల్లరలో కొత్త రకం బిళ్ళ కనిపిస్తే, తన జేబులో డబ్బు గల్లాపెట్టెలో వేసి దాన్ని ఇంటికి తెచ్చుకునేవారట. ఆయన పోయి ఆరేళ్ళయింది. పోయిన నెల అమ్మమ్మ ట్రంకుపెట్టె తాళం నా చేతిలో పెట్టి, "నీకైతే ఓపిక ఉంది, చూసుకో" అంది. అందులో ఒక హార్లిక్స్ సీసా, రెండు గుడ్డసంచులు, ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉన్నాయి. లెక్కపెడితే 341 నాణేలు. కొన్నిటికి చిన్న చిన్న కాగితాలు చుట్టి ఉన్నాయి.

ఇవి ఏ కాలం నాటివో, ఎంత చేస్తాయో ఎలా తెలుస్తుంది? ఒక దుకాణంలో చూపిస్తే, "వెండి రూపాయిల్లో సగం వెండే ఉంటుందమ్మా, అన్నీ కలిపి తూకం వేసి ఇస్తాం" అన్నారు. ఇవ్వకుండా తిరిగొచ్చేశాను. అన్నయ్య డాలస్‌లో ఉన్నాడు. సగం పంచుకుని తనతో తీసుకెళ్తానంటున్నాడు.

ఇంకో మాట, చెప్పకపోతే తప్పవుతుంది. బాగా నల్లబడ్డాయని పన్నెండు రూపాయి బిళ్ళల్ని చింతపండుతో నానబెట్టి తోమాను.


పాతకాసులు (విజయవాడ, గవర్నర్‌పేట)

అమ్మా, మిగిలిన 329 జోలికి వెళ్ళకండి. చింతపండు, నిమ్మకాయ, విభూతి, ఇత్తడి సామాన్లు తోమే పొడి, ఏదీ వద్దు. సబ్బునీళ్ళూ వద్దు.

కోపంతో అంటున్నది కాదు. 1989లో మా నాన్నగారి విక్టోరియా రూపాయిల మీద నేనూ ఇదే పని చేశాను. వెండి మీద నల్లటి పొర దశాబ్దాలపాటు గాలి తగిలి మెల్లగా ఏర్పడుతుంది. పూజ గదిలోని వెండి కుంది నల్లబడితే తోముతాం, అది వాడే వస్తువు. నాణేనికి మాత్రం ఆ పొరే వయసుకు సాక్ష్యం. చింతపండులోని పులుపు ఆ పొరని తినేస్తుంది. పైన రుద్దితే సన్నటి గీతలు పడతాయి. దీపం కింద వాలుగా పెట్టి భూతద్దంతో చూస్తే ఒకే దిక్కుగా వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి. కొనేవాళ్ళు మొదట చూసేది వాటినే. ఆ బిళ్ళ ఎంత అరుదైనదైనా ధర దిగిపోతుంది, మళ్ళీ రాదు.

ఆ పన్నెండింటినీ మంచి నీళ్ళతో ఒకసారి కడిగి, మెత్తటి నూలుగుడ్డతో అద్ది ఆరబెట్టండి. తుడవొద్దు, అద్దండి. వాటిని వేరే కవరులో పెట్టుకోండి.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. ఒక నోటుబుక్కు తీసుకుని ప్రతి నాణేనికీ నంబరు ఇచ్చి, ఏ డబ్బాలో దొరికింది, దానితో కాగితం ఉందా, ఉంటే ఏం రాసి ఉంది అని రాసుకోండి. ఇదంతా రాసుకునేదాకా నాణెం నుంచి ఏ కాగితాన్నీ విడదీయొద్దు. పట్టుకునేటప్పుడు అంచు పట్టుకోండి, ముఖం మీద వేలు పడకూడదు. కింద మెత్తటి తువ్వాలు పరుచుకుని కూర్చోండి, జారినా దెబ్బ తగలదు.


వన్‌టౌన్_త్రాసు (విజయవాడ)

మాది మూడు తరాలుగా వెండి పని చేసే ఇల్లు. ఆ దుకాణదారుడి మాటలో సగమే నిజం ఉంది.

అమ్మాయిగారూ, మన తులం పుట్టిందే ఆ రూపాయి తూకంలోంచి. పాత రూపాయి 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. తులమూ అంతే. మా తాతగారు త్రాసులో రాళ్ళు తక్కువైతే రూపాయి బిళ్ళలే వేసి తూచేవారు. వెండి మాత్రం అన్నిట్లో ఒకటి కాదు. 1835 నుంచి 1939 దాకా వేసిన రూపాయిల్లో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి, అంటే 91.7 శాతం. ఒక్కో బిళ్ళలో 10.69 గ్రాముల అసలు వెండి. యుద్ధం వచ్చాక 1940 నుంచి 1945 దాకా సగానికి తగ్గించారు, 5.83 గ్రాములు. 1947 రూపాయిల్లో వెండి అసలు లేదు, నికెల్.

తూకం మూడింటికీ దాదాపు ఒకటే. మరి ఎలా తెలుస్తుంది? అంచు చూడండి. 1939 దాకా అంచు మీద నిలువు గీతలు మాత్రమే ఉంటాయి. 1940 నుంచి గీతల మధ్యలో చుట్టూ ఒక గాడి, ఆ గాడిలో చిన్న నగిషీ ఉంటుంది. వెండి తగ్గించారు కాబట్టి దొంగ నాణేలు పెరుగుతాయని ఆ ఏర్పాటు చేశారు. 1947 నికెల్ రూపాయికి అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అంటుకుంటుంది, వెండికి అంటుకోదు.

ఎవరైనా గీటురాయి మీద గీసి చూస్తానన్నా, అంచు కోసి చూస్తానన్నా ఒప్పుకోకండి. కరిగించే వెండికి ఆ పరీక్ష, దాచుకునే నాణేనికి కాదు.


కృష్ణలంక_కుర్రాడు (విజయవాడ)

అక్కా, వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళ ఉందేమో చూడండి. దానికి పది లక్షలు ఇస్తారని వీడియోలో చూశాను. మా దగ్గర రెండు ఉన్నాయి. వాళ్ళు రిజిస్ట్రేషన్‌కి 1,500 అడుగుతున్నారు. కట్టాలా అని టెన్షన్‌గా ఉంది.


పాతకాసులు (విజయవాడ, గవర్నర్‌పేట)

కట్టొద్దు బాబూ. ఒక్క రూపాయి కూడా పంపొద్దు. ఆ నాణేలు 2012లో వచ్చాయి, లక్షల సంఖ్యలో తిరిగాయి. ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. పాత నోట్లు, నాణేల కొనుగోలులో తమకు సంబంధం లేదని, తమ పేరు చెప్పి ఎవరైనా రుసుము, కమిషన్, పన్ను అడిగితే ఇవ్వొద్దని అందులో ఉంది. కొనేవాడు నీకు డబ్బు ఇస్తాడు గానీ నిన్నెందుకు అడుగుతాడు? ఆధార్, బ్యాంకు వివరాలు ఇప్పటికే ఇచ్చి ఉంటే ఇవాళే బ్యాంకుకు వెళ్ళి చెప్పు.


కృష్ణలంక_కుర్రాడు (విజయవాడ)

ఇంకా ఇవ్వలేదండీ. థాంక్స్. నాన్నకి కూడా చెబుతాను.


బ్రాడీపేట_మనవరాలు (గుంటూరు)

నాలుగు రోజులు పట్టింది. అమ్మమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అందించింది. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న త్రాసు కొన్నాను. నాకు అర్థమైనంతవరకు ఇవీ:

పెద్ద వెండి రూపాయిలు 27. విక్టోరియా 9 (ఒకటి 1840, రెండు 1862, మిగతావి 1880 తర్వాతవి). ఎడ్వర్డు 5. అమ్మమ్మ వీటిని బట్టతల రూపాయిలు అంటోంది. అయిదో జార్జి 7, వాటిలో ఒకటి 1911. ఆరో జార్జి 6, వాటిలో ఒకటి 1939, మిగిలిన అయిదింటికి త్రాసు గారు చెప్పిన గాడి ఉంది. ఇవి కాక 1947 రూపాయిలు నాలుగు. అయస్కాంతం నాలుగింటినీ పట్టుకుంది.

పావలాలు, బేడలు, అంచు పువ్వులా వంపులు తిరిగిన అణాలు, మధ్యలో చిల్లు ఉన్న కానీలు ఒక గుప్పెడు, రాగి కానీలు 80 పైనే. నయాపైసలు హార్లిక్స్ సీసా నిండా. చార్మినార్ బొమ్మవి 14. హనుమంతుడి బొమ్మతో 1818 అని ఉన్నది ఒకటి. ఇంకా అర్థం కాని పెద్ద రాగి బిళ్ళ ఒకటి, కాగితం చుట్టి ఉంది. దాని మీద గుండె ఆకారం లాంటి గుర్తు కనిపిస్తోంది.

1900 నాటి విక్టోరియా ఒకటి 9.8 గ్రాములే తూగింది. మిగతావన్నీ 11.3 నుంచి 11.65 మధ్య ఉన్నాయి. 1939 రూపాయి చాలా అరుదని ఎక్కడో చదివాను, నిజమేనా?


వన్‌టౌన్_త్రాసు (విజయవాడ)

అరిగిపోయిన రూపాయి అర గ్రాము తగ్గొచ్చు, అంతకంటే కొంచెం ఎక్కువా తగ్గొచ్చు. దాదాపు రెండు గ్రాములు తగ్గిందీ అంటే అది పోత పోసిన దొంగ బిళ్ళ అయి ఉంటుంది. అంచు చుట్టూ వేలు నడిపితే అతుకు తగులుతుంది, ముఖం మీద సూదిమొనంత గుంటలు కనిపిస్తాయి. ముద్ర కొట్టిన నాణేనికి ఆ గుంటలు ఉండవు. ఆ ఒక్కటీ పక్కన పెట్టి, మిగిలిన 26కి లెక్క వేద్దాం. పాత రకం 21, ఒక్కోదానిలో 10.69 చొప్పున 224 గ్రాములు. సగం వెండివి 5, వాటిలో 29 గ్రాములు. అరుగుదల వదిలేస్తే మొత్తం 253 గ్రాములు, ఇంకా కొంచెం పైన. అదే ఆ దుకాణంలో అన్నట్టు అన్నిటినీ సగం వెండి కింద కడితే 152 గ్రాములు దాటదు. వంద గ్రాముల వెండి మీ చేతిలోంచి జారిపోయేది.

లెక్క సులువుగా ఉండాలని గ్రాము వంద రూపాయలు అనుకోండి. పాత రకం రూపాయి ఒక్కోటీ 1,069. ఆ రోజు వెండి ధర ఎంత ఉంటే దాంతో గుణించుకోండి. ఇది కనీస ధర. ఏ రూపాయీ దీనికంటే కిందికి అమ్మకూడదు. దీని పైన ఎంత పలుకుతుందన్నది సంవత్సరం, టంకశాల, నాణ్యత చూసి పాతకాసులు గారు చెప్పాలి.


పాతకాసులు (విజయవాడ, గవర్నర్‌పేట)

1939 సంగతి ముందు. అవును, అరుదే. అందుకే నకిలీలు కూడా చాలా ఉన్నాయి. చివరి అంకెని పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దంతో, పగటి వెలుతురులో చూడండి. అరిగిన 8 కింది సున్నా మూసుకుపోయి 9లా కనిపిస్తుంది. 1938 అయితే మామూలుగా దొరికేదే. ఆశ పెట్టుకోకుండా చూడండి.

1840 రూపాయి వేసింది 1840లో అని అనుకోకండి. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు ఆ సంవత్సరాన్ని మార్చకుండా ఏళ్ళ తరబడి అదే ముద్ర కొట్టారు. 1862ది కూడా అంతే, పదేళ్ళకు పైగా అదే సంవత్సరం. కాబట్టి వీటిలో సంవత్సరం కంటే రకం ముఖ్యం. 1840 దానిలో "విక్టోరియా క్వీన్" అక్షరాలు తల మీదుగా ఆగకుండా సాగుతున్నాయా, తలకు అటూ ఇటూ విడిపోయాయా చూడండి. ఆగకుండా ఉన్నది ముందు రకం. 1862లో చుక్కలు, పూల నగిషీ తేడాలతో లెక్కలేనన్ని ఉపరకాలు ఉన్నాయి. వాటి మీదే ఏళ్ళు గడిపేవాళ్ళున్నారు, మీరు ఇప్పుడే ఆ లోతుకు వెళ్ళక్కర్లేదు. 1877 నుంచి "క్వీన్" పోయి "ఎంప్రెస్" వస్తుంది.

1911 దగ్గర ఆగండి. రాజుగారి వస్త్రం మీద గొలుసులో చిన్న ఏనుగు ఉంటుంది. ఆ ఏడాది చెక్కినదానిలో తొండం పొట్టిగా పడి అది పందిలా కనిపించిందని జనం గొడవ చేశారు. ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకుని, 1912 నుంచి ఏనుగుని సరిచేసి వేసింది. సేకరించేవాళ్ళు దాన్ని పంది రూపాయి అంటారు. దొరక్కపోయేంత అరుదు కాదు, కానీ మామూలు జార్జి రూపాయి కంటే బాగా ఎక్కువ పలుకుతుంది. పక్కనే 1912 రూపాయి పెట్టి భుజం కింద ఏనుగుని పోల్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

హనుమంతుడి బిళ్ళ కంపెనీ నాణెం కాదు. 1818, 1616, 1717 అంటూ సీతారాముల బొమ్మలతో తిరిగేవన్నీ తర్వాతి కాలంలో తయారైనవి. పూజలో పెట్టుకోండి, డబ్బు లెక్కలో వద్దు.


బ్రాడీపేట_మనవరాలు (గుంటూరు)

1939 కాదు, 1938. భూతద్దంలో కింది సున్నా సగం కనిపించింది. సరే.

1911ది ఏనుగు నిజంగానే పందిపిల్లలా ఉంది. కానీ అది నేను చింతపండుతో తోమిన పన్నెండింటిలో ఉంది. రాత్రంతా నిద్ర పట్టలేదు.


మంగళగిరి_టీచర్

అమ్మా, తోమిన నాణెం కూడా నాణెమే. వెండి ఎక్కడికీ పోలేదు, ముద్ర పోలేదు. ధర తగ్గింది, అంతే. ఇప్పుడు దాన్ని మెరిసేలా చేసినట్టే నల్లబరచడానికి ఏదైనా రాయమని ఎవరైనా చెబుతారు, ఆ పనీ చేయకండి. వదిలేస్తే పదేళ్ళలో దానంతట అది రంగు తిరుగుతుంది.

దాచడం గురించి చెబుతాను. మన కృష్ణా గుంటూరుల్లో ఉక్కపోత తెలిసిందే. మెత్తగా, వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లలో పెడితే రెండు మూడు వేసవుల్లో ఆకుపచ్చ జిగురు కారి రాగిని తినేస్తుంది. రబ్బరుబ్యాండ్లు వెండిని నల్లగా మాడ్చేస్తాయి. మధ్యలో కిటికీ ఉన్న చదరపు అట్టలు దొరుకుతాయి, వాటిలో పెట్టి అట్ట మీద నంబరు రాయండి. స్టేప్లర్ పిన్నులు నాణేనికి తగలకుండా చూసుకోండి. డబ్బాలో తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి, వానాకాలం పోగానే మార్చండి. పసుపు కుంకుమ అంటిన పూజ కాసులు ఉంటే అలాగే ఉంచండి, గోళ్ళతో గీకొద్దు.


చార్మినార్_బిళ్ళ (విజయవాడ, పటమట)

నిజాం నాణేలు నా ఇష్టం కాబట్టి ఆ 14 నాకు వదిలేయండి.

చార్మినార్ మధ్య కమాను లోపల ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలం అయితే "మీమ్", చిన్న ముడి వేసి కింద తోకలా దిగుతుంది. ఉస్మాన్ అలీ ఖాన్ కాలం అయితే "అయిన్", మన అంకె 3ని అద్దంలో చూసినట్టు రెండు వంపులు ఉంటాయి. ఆ అక్షరం పూర్తిగా ఉందా, సగమే కనిపిస్తుందా అన్నదాన్ని బట్టి కూడా ధర మారుతుంది.

సంవత్సరం హిజ్రీలో, అంటే ముస్లిం పంచాంగం లెక్కలో ఉంటుంది. అంకెలు గుర్తుపట్టడం కష్టం కాదు: నిలువు గీత 1, చుక్క సున్నా, చిన్న గుండె లాంటిది 5, ఇంగ్లీషు వి అక్షరంలా ఉన్నది 7, దాన్ని తలకిందులు చేస్తే 8. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం దగ్గరకు వస్తుంది. 1340 అని ఉంటే 1922 ప్రాంతం అన్నమాట. చిన్న అంకె ఇంకొకటి ఉంటే అది పాలన మొదలై ఎన్నో ఏడో చెబుతుంది. నిజాం రూపాయి తూకం 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. బ్రిటిష్ రూపాయిల లెక్కలో కలపకండి. ఫొటోలు వాలుగా వెలుతురు పడేలా తీసి పెట్టండి, ఒక్కొక్కటీ చదివి చెబుతాను.


ధరణికోట_రైతుబిడ్డ

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా పెదనాన్న పొలం దున్నేటప్పుడు నాగలికి బూడిద రంగు బిళ్ళలు తగిలాయి. ఒకదాని మీద ఏనుగు, ఇంకోదాని మీద నాలుగు గుండ్రాలు కలిపినట్టు గుర్తు. బరువుగా ఉన్నాయి, పైన తెల్లటి పొడి వస్తోంది. ఇవి అమ్ముకోవచ్చా?


పాతకాసులు (విజయవాడ, గవర్నర్‌పేట)

ఫొటో చూడకుండా తేల్చలేను గానీ, మీ ఊరూ ఆ వర్ణనా కలిపితే శాతవాహనుల సీసపు నాణేలు గుర్తొస్తున్నాయి. నాలుగు గుండ్రాల గుర్తుని ఉజ్జయినీ చిహ్నం అంటారు. మన తీరాంధ్రలో శాతవాహనులు సీసంతో చాలా వేశారు, ఏనుగు, సింహం, ఓడ బొమ్మలతో. యజ్ఞశ్రీ శాతకర్ణి ఓడ నాణేల గురించి మీరు బడిలో చదివే ఉంటారు.

కానీ భూమిలో దొరికిన దానికీ ఇంట్లో వారసత్వంగా వచ్చిన దానికీ చట్టం ఒకటి కాదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికింది పది రూపాయలకు మించి విలువ చేస్తే, ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అని రాసి కలెక్టరుకు తెలపాలి. తెలిపితే దొరికినవారి హక్కు నిలుస్తుంది, దాచితే శిక్ష పడుతుంది. మీ పెదనాన్నగారికి చెప్పి తెలపండి. ఆ నేలలో ఇంకేం ఉందో చూడాల్సింది పురావస్తు శాఖ వాళ్ళు, నాగలి కాదు.

ఆ తెల్లపొడి విషం. పిల్లల చేతికి ఇవ్వకండి, ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. కొత్త చెక్క బీరువాలో పెట్టొద్దు, చెక్కలోంచి వచ్చే ఆవిరికి సీసం ఇంకా తొందరగా పొడి అవుతుంది.


ధరణికోట_రైతుబిడ్డ

భయమేసింది కానీ మంచిదే. రేపు పెదనాన్నతో తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళి, కలెక్టరుగారికి ఎలా రాయాలో అడుగుతాం.


తెనాలి_టు_డాలస్

బ్రాడీపేట చెల్లెమ్మా, మీ అన్నయ్య సంగతి. నేనూ నాలుగేళ్ళ క్రితం ఇదే ఆలోచన చేసి ఆగాను. నూరేళ్ళు నిండిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువు. దాన్ని మనలాంటివాళ్ళు దేశం దాటించకూడదు, ఇంట్లోదైనా సరే, బహుమతైనా సరే. విక్టోరియా, ఎడ్వర్డు బిళ్ళలన్నీ అందులోకి వస్తాయి, అయిదో జార్జివి కూడా ఏటా కొన్ని చేరుతుంటాయి. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే నాణేలూ పోతాయి, కేసూ అవుతుంది. నేను నా వాటా అమ్మ దగ్గరే ఉంచాను. ఎవరివి ఏవో నోటుబుక్కులో రాసుకున్నాం.


బ్రాడీపేట_మనవరాలు (గుంటూరు)

అన్నయ్యకి మీ టపా చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే అన్నీ అక్కడే ఉంచు, నాకు ఫొటోలు పంపు" అన్నాడు.

ఇప్పుడు ఆ పెద్ద రాగి బిళ్ళ. ఇంగ్లీషు అక్షరాలు అరిగిపోయినా "48 టు వన్ రూపీ" అని చదవగలిగాను. కింద 1797. ఒకవైపు సింహాలు, కవచం లాంటి పెద్ద చిహ్నం. తోమలేదు, ముట్టుకోలేదు.


పాతకాసులు (విజయవాడ, గవర్నర్‌పేట)

ఈ పెట్టెలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇది ఉత్తర సర్కారుల కోసం, అంటే అప్పటి మన కోస్తా జిల్లాల కోసం, కంపెనీ వేయించిన రాగి డబ్బు. 48 కలిస్తే ఒక రూపాయి. గుండె ఆకారంలో కనిపించేది కంపెనీ సరుకుల మూటల మీద వేసే ముద్ర, లోపల నాలుగు అక్షరాలు ఉంటాయి. పెద్ద చిహ్నం కంపెనీ రాజముద్ర, దాని కింద లాటిన్ మాటలకు "ఇంగ్లండు రాజు, పార్లమెంటుల అండతో" అని అర్థం. ఇలాంటివి 1794లో, 1797లో ఇంగ్లండు బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ నడిపిన సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టి ఓడల్లో మనకు పంపారు. గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది 1788లో. అంటే మీ ఊరు వాళ్ళ పాలనలోకి వెళ్ళిన తొమ్మిదేళ్ళకు కొట్టిన బిళ్ళ ఇది. ఈ నేలమీద చలామణీ కోసమే వచ్చింది.

మనం రోజూ డబ్బు అంటున్నామే, ఆ మాటకు ఒకప్పుడు అర్థం ఇంత రాగి బిళ్ళ. ఇంగ్లీషువాళ్ళు దాన్నే డబ్ అని రాసుకున్నారు.

ధర అడుగుతారు కాబట్టి చెబుతాను. రాగి నాణేనికి లోహం విలువ లెక్కలోకి రాదు, అంతా నాణ్యత మీదే. అక్షరాలు అరిగితే వందల్లో, చిహ్నంలో సింహాల జూలు కూడా కనిపించేంత బాగుంటే వేలల్లో. ఎవరో చెప్పిన ధర నమ్మకండి, అమ్మకానికి పెట్టిన ధర అసలే నమ్మకండి. న్యూమిస్టా అనే ఉచిత ఆన్‌లైన్ కేటలాగులో ముందు రకం గుర్తుపట్టండి. తర్వాత ముంబయి టోడీవాలా, బెంగుళూరు మరుధర్ ఆర్ట్స్ లాంటి వేలం సంస్థల పాత వేలాల్లో అదే రకం, అదే నాణ్యత నాణెం చివరికి ఎంతకు పోయిందో చూడండి. నాలుగైదు వేలాలు చూస్తే మీకే ఒక అంచనా వస్తుంది. మిగతా వాటికీ ఇదే పద్ధతి.

నయాపైసలు, చిల్లు కానీలు, రాగి కానీల్లో చాలావరకు ఒక్కోటీ పదులకు మించవు. వాటిని అమ్మాలని తొందరపడకండి.

దాని కాగితం మీద ఏం రాసి ఉంది?


బ్రాడీపేట_మనవరాలు (గుంటూరు)

రైల్వే రసీదు వెనకవైపు, పెన్సిలుతో. తాతయ్య రాత కొంచెం వంకరగా ఉంటుంది, అమ్మమ్మే చదివి పెట్టింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"కోటప్పకొండ తిరణాల, 1961. పాత సామాన్ల ముసలాయన. రెండణాలు అడిగాడు. అణాలు ఇప్పుడెక్కడివి అంటే నవ్వి 12 నయాపైసలు తీసుకున్నాడు."

చదివాక అమ్మమ్మ ఆ తిరణాలకి తనూ వెళ్ళానంది. ప్రభ చూడ్డానికి తను ముందుకి వెళితే, ఆయన ఎండలో ఆ ముసలాయన దగ్గరే గంటసేపు కూర్చుండిపోయారట. అప్పుడు కోపం వచ్చిందట. ఈ రాగి బిళ్ళ, 1911 రూపాయి అమ్మేది లేదని అన్నయ్యకి తనే ఫోన్ చేసి చెప్పింది.


వన్‌టౌన్_త్రాసు (విజయవాడ)

ముసలాయన లెక్క సరిగ్గానే చేశాడు. 1957లో దశాంశ పద్ధతి వచ్చినప్పుడు రెండణాలకు కట్టింది 12 నయాపైసలే.

ఆ రసీదుని నాణేనికి చుట్టి ఉంచకండి అమ్మాయిగారూ, పాత కాగితంలోని ఆమ్లం రాగికి మంచిది కాదు. నాణెం అట్టలో, రసీదు వేరే కవరులో, రెండింటికీ ఒకే నంబరు.